బూస్ట్ ప్రెషర్ సెన్సార్: కార్ల కంపెనీ డబ్బాలోదా, సెన్సార్ కంపెనీ డబ్బాలోదా, చవకదా?

ఈమధ్య టర్బో కారున్న వాళ్లెవరు పలకరించినా చివరికి తేలేది ఇక్కడికే. "అన్నా, పికప్ పడిపోయింది, స్కానర్ పెడితే బూస్ట్ సెన్సార్ అంటోంది, కార్ల కంపెనీదే కొనాలా, బయటిది సరిపోతుందా?" టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ప్రెషర్‌ని (అదే బూస్ట్) కొలిచేదే ఈ సెన్సార్. పోయిన నెల నేనూ మార్చాను. రెండుసార్లు. మొదటిసారి కక్కుర్తి పడి చవకది కొన్నాను కాబట్టి రెండోసారి మార్చాల్సి వచ్చింది. అందుకని ఈసారి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు స్కానర్ చూపించే లోపం కోడ్ ఏమిటో చూసుకోండి. పి0299 అయితే బూస్ట్ తక్కువగా ఉందని అర్థం, సెన్సార్ పోయిందని కాదు. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) హోస్ చీలినా, క్లిప్ వదులైనా, టర్బోని అదుపు చేసే యాక్చువేటర్‌కి వెళ్లే సన్న వాక్యూమ్ పైపు పగిలినా అదే కోడ్ వస్తుంది. అప్పుడు సెన్సార్ మార్చడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే. పి0235 నుంచి పి0238 లోపు వస్తే సెన్సార్‌నో, దాని వైరింగ్‌నో అనుమానించొచ్చు. కనెక్టర్ ఊడదీసి 5 వోల్టుల సప్లై, ఎర్త్ సరిగా వస్తున్నాయో లేదో మీటరు పెట్టి చూడకుండా కొత్తది కొనొద్దు.

కడిగితే పోతుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. డీజిల్ బండి అయితే ఒకసారి కడిగి చూడటంలో తప్పు లేదు. ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే మసి, క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ తేమ కలిసి సెన్సార్ ముక్కు దగ్గర తారులా పేరుకుంటాయి. నాది బయటికి తీస్తే అసలు రంధ్రం ఎక్కడుందో కనపడలేదు. ఎలక్ట్రానిక్ పార్టుల కోసం అమ్మే స్ప్రే కొట్టి, ముక్కు కిందికి పెట్టి ఆరబెట్టాలి. బ్రేక్ క్లీనర్ వద్దు, పిన్నుతో కెలకడం అసలే వద్దు, లోపలుండేది సన్నటి సిలికాన్ పొర. కడిగాక నా బండి రెండు రోజులు బాగానే నడిచింది, మూడో రోజు మళ్లీ మొదటికొచ్చింది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బయటి గాలి ప్రెషర్, అంటే 100 కిలోపాస్కల్ (ప్రెషర్ కొలత) దరిదాపుల్లో చూపించాల్సింది 118 చూపిస్తోందంటే మసి ఒక్కటే కాదు, లోపలి ఎలక్ట్రానిక్స్ కూడా పోయినట్టే.

ఇప్పుడు అసలు సంగతి. బ్రాండ్ కంటే ముందు చూడాల్సింది సెన్సార్ ఒంటి మీద ఉన్న నంబర్. డబ్బా మీదది కాదు, ఒంటి మీదది. ఎందుకంటే ఒకే ఆకారం, ఒకే కనెక్టర్, ఒకే స్క్రూ రంధ్రంతో వేర్వేరు రేంజ్‌ల సెన్సార్లు ఉంటాయి. ఉదాహరణకి ఒకటి 20 నుంచి 250 కిలోపాస్కల్ దాకా కొలిచేది, ఇంకోటి 20 నుంచి 300 దాకా కొలిచేది, రెండూ 0.4 నుంచి 4.65 వోల్టుల మధ్యే సిగ్నల్ ఇస్తాయి అనుకోండి. 250 ది ఉండాల్సిన చోట 300 ది పెడితే ఏమవుతుంది? అసలు ప్రెషర్ 220 ఉన్నప్పుడు అది సుమారు 3.44 వోల్టులు పంపుతుంది. ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) తన పాత లెక్క ప్రకారం దాన్ని 184 అని చదువుకుని, బూస్ట్ చాలలేదనుకుని టర్బోని ఇంకా తోస్తుంది. బండి "అబ్బ, పికప్ అదిరింది" అనిపిస్తుంది కూడా, అదే ప్రమాదం. దీనికి తోడు కొన్నిట్లో 3 పిన్నులు, గాలి వేడి కూడా కొలిచేవాటిలో 4. ఆ తేడా కంటికి కనపడుతుంది కాబట్టి పర్లేదు, రేంజ్ తేడా కంటికి కనపడదు.

నంబర్ కలిసిందంటే, కార్ల కంపెనీ డబ్బాకీ సెన్సార్ కంపెనీ డబ్బాకీ మధ్య తేడా చాలాసార్లు ఆ డబ్బాయే. ఈ సెన్సార్లను కార్ల కంపెనీలు మామూలుగా సొంతంగా చేసుకోవు, బాష్, డెన్సో లాంటివాళ్ల దగ్గర తీసుకుంటాయి. పాతదాని మీద ఎవరి పేరుందో చూసి, అదే పేరుతో, అదే నంబర్‌తో కొనుక్కుంటే లోపలి సరుకు అదే. నా ఓటు దీనికే, నేను రెండోసారి పెట్టింది కూడా ఇదే. కార్ల కంపెనీది ఎప్పుడు కొనాలంటే, బండి వారంటీలో ఉన్నప్పుడు, పాతదాని మీద నంబర్ చెరిగిపోయినప్పుడు, లేదా ఆ నంబర్ ఆపేసి కొత్త నంబర్ ఇచ్చినప్పుడు. ఛాసిస్ నంబర్ చెబితే సరైన పార్టు వాళ్లే తీసిస్తారు, ఎక్కువ పెట్టే డబ్బు ఆ నిశ్చింతకే.

చవకది పూర్తిగా చెత్త అనను. కొన్ని బాగానే పనిచేస్తాయి, ఏది పనిచేస్తుందో పెట్టేదాకా తెలియదు, అంతే. నేను కొన్నది ఐడిల్‌లో బుద్ధిగానే ఉండేది. స్కానర్‌లో గ్రాఫ్ పెట్టుకుని, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి నాలుగో గేర్లో గట్టిగా తొక్కితే బయటపడింది. ఈసీయూ అడిగిన బూస్ట్ గీత ముందు పోతుంటే, వచ్చిన బూస్ట్ గీత కాళ్లీడ్చుకుంటూ వెనక వచ్చి, ఆ ఊపులో దాన్ని దాటిపోయి, మళ్లీ కిందికి దిగేది. బండి ఊగినట్టు లాగేది. కోడ్ మాత్రం ఒక్కటీ లేదు! కోడ్ ఉంటే తిరిగిచ్చేయొచ్చు, ఇలాంటి రోగంతో అమ్మినవాడిని ఒప్పించడం నా వల్ల కాలేదు.

సెకండ్ హ్యాండ్‌ది వద్దు, దాని ముక్కు నిండా ఇంకో బండి మసి ఉంటుంది. పవర్ పెంచుదామని పెద్ద రేంజ్‌ది పెట్టేవాళ్లు ఈసీయూలో లెక్క కూడా మార్పించాలి, లేదంటే పైన చెప్పిన కథే.

ఏది కొన్నా ఒక పరీక్ష మాత్రం చేయండి, దీనికి నిమిషం కూడా పట్టదు. కీ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, స్కానర్‌లో బూస్ట్ ప్రెషర్ చూడండి. సెన్సార్ కొలిచేది అబ్సల్యూట్ ప్రెషర్ (శూన్యం నుంచి లెక్కపెట్టేది) కాబట్టి సున్నా రాకూడదు, బయటి గాలి ప్రెషర్ రావాలి. సముద్ర మట్టం దగ్గర సుమారు 101 కిలోపాస్కల్, 1000 మీటర్ల ఎత్తులో 90 దరిదాపుల్లో. చాలా బండ్లలో ఈసీయూకి విడిగా బారోమెట్రిక్ రీడింగ్ ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. నా కొత్తదానిలో 99, బారో 98. చవకది పెట్టినప్పుడు అదే చోట 93 వచ్చింది, అప్పుడే ఊడదీసి ఇచ్చేసి ఉండాల్సింది.

బిగించేటప్పుడు ఓ-రింగ్‌కి చుక్క ఇంజన్ ఆయిల్ రాసి, కొంచెం తిప్పుతూ నొక్కండి. పొడిగా తోస్తే అది మడతపడి తెగుతుంది, తర్వాత బూస్ట్ అక్కడి నుంచే కారుతూ మళ్లీ పి0299 పెడుతుంది. పాత ఓ-రింగ్ ముక్క లోపలే ఉండిపోయిందేమో వేలు పెట్టి చూడండి, నాకు ఉండిపోయింది. స్క్రూ చేత్తో మొదలుపెట్టి, ఆగిన చోట ఆపేయండి, కింద ఉన్నది ప్లాస్టిక్.