కొలరాడో విశ్వవిద్యాలయపు ‘ఫెట్’ సిమ్యులేషన్లు: కర్నూలు జిల్లా పల్లె బడి నుంచి ఒక సమీక్ష

విశ్వవిద్యాలయాలు బడిపిల్లల కోసం, వారికి పాఠం చెప్పే ఉపాధ్యాయుల కోసం చేపట్టే కార్యక్రమాలు మన వైపు చాలావరకు ఒక్కరోజు వ్యవహారంగానే ముగుస్తాయి. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం వస్తుంది. పిల్లలను బస్సులో తీసుకువెళతారు. వారు ప్రయోగశాలలో తాళం వేసిన అద్దాల బీరువాల ముందు వరుసగా నడిచి, ఒక ఉపన్యాసం విని, చివరన ఫొటో దిగి, ధ్రువపత్రాలతో తిరిగి వస్తారు. ఆ సందర్శనను నేను తీసిపారేయడం లేదు, ఎందుకంటే ఊరు దాటి ఎరుగని పిల్లవాడికి విశ్వవిద్యాలయం గేటు చూడడమే ఒక విశేషం. అయితే మర్నాడు తరగతిలో నిలబడి పాఠం చెప్పవలసిన ఉపాధ్యాయుడి చేతికి దానివల్ల ఏమి వచ్చిందని అడిగితే జవాబు దొరకదు. ఆ ఒక్క ప్రశ్ననే కొలమానంగా పెట్టుకొని, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణం నుంచి ఉచితంగా అందిస్తున్న ‘ఫెట్’ సిమ్యులేషన్లను, అంటే కంప్యూటర్ తెరమీద చేసి చూసే ప్రయోగ నమూనాలను, ఆదోని వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్న ఉపాధ్యాయుడిగా ఇక్కడ సమీక్షిస్తున్నాను.

ఈ ప్రాజెక్టును 2002లో కార్ల్ వీమన్ ప్రారంభించారు. అత్యంత చల్లదనంలో పరమాణువులన్నీ ఒక్కటిగా ప్రవర్తించే బోస్-ఐన్‌స్టీన్ ద్రవ్యస్థితిని ప్రయోగశాలలో సాధించినందుకు 2001లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు. మన సత్యేంద్రనాథ్ బోస్ పేరు మోసే విషయం మీద బహుమతి పొందిన శాస్త్రవేత్త, ఆ సొమ్ములో కొంత బడిపిల్లల బోధన సామగ్రి వైపు మళ్లించడం గమనించదగిన సంగతి. మొదట భౌతికశాస్త్రానికే పరిమితమైన ఈ సేకరణలో ఇప్పుడు రసాయనశాస్త్రం, గణితం, భూగోళ, జీవశాస్త్రాలకు చెందినవి కూడా కలిసి 150కి పైగా సిమ్యులేషన్లు ఉన్నాయి. ఇవి వీడియోలు కావు. విద్యార్థి తెరమీద వస్తువును జరిపినా, విలువను మార్చినా, ఫలితం వెంటనే మారుతుంది. సూచనలు దాదాపు ఉండవు. ఏది ముట్టుకోవాలో చూడగానే తెలిసేలా తయారుచేయడం, తయారైనదాన్ని విద్యార్థుల చేత వాడించి వారి మాటలు విని సరిదిద్దడం ఆ బృందం పద్ధతి. ఆ శ్రద్ధ వాడకంలో స్పష్టంగా కనిపిస్తుంది.

నేను ఎక్కువగా వాడినది, ఎక్కువగా మెచ్చుకున్నది ‘సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్: డీసీ’. పదో తరగతిలో విద్యుత్తు పాఠం చెప్పిన ప్రతి ఉపాధ్యాయుడికీ ఒక చిక్కు తెలిసే ఉంటుంది. రెండు బల్బులను శ్రేణిలో కలిపితే ఏమవుతుందని అడగగానే తరగతిలో సగం మంది, “మొదటి బల్బు కొంచెం కరెంటు తాగేస్తాది సార్, రెండోదానికి తక్కువే పోతాది” అంటారు. ఓమ్ నియమం బట్టీపట్టి సూత్రం రాయగలిగిన పిల్లలు కూడా లోలోపల ఈ నమ్మకాన్ని వదులుకోరు. బోరుబావి చివర ఉన్న చేనికి నీళ్లు తక్కువ పారడం రోజూ చూసే పిల్లలకు అలా అనిపించడంలో తప్పేమీ లేదు. ఈ సిమ్యులేషన్‌లో 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓముల బల్బును కలిపి అమ్మీటర్ పెడితే 0.90 ఆంపియర్లు చూపిస్తుంది. రెండో బల్బును అదే శ్రేణిలో చేర్చితే 0.45కు పడిపోతుంది, కానీ మొదటి బల్బుకు ముందు పెట్టినా, రెండింటి మధ్య పెట్టినా, చివరన పెట్టినా అదే 0.45. తీగలలో కదిలే నీలి చుక్కలు, అంటే ఎలక్ట్రాన్లు, వలయమంతటా ఒకే వేగంతో సాగుతుంటాయి. సమాంతరంగా కలిపితే బ్యాటరీ దగ్గర 1.80కి పెరుగుతుంది. ఈ అంకెలు ముందుగా ఊహించి నోటుపుస్తకంలో రాసుకోమని, ఆ తరువాతే తెరను ముట్టుకోమని చెప్పినప్పుడు తరగతిలో పుట్టే వాదన నల్లబల్ల మీద ఎన్ని బొమ్మలు గీసినా పుట్టదు.

మా ప్రయోగశాలలోనూ సెల్లులు, బల్బులు, తీగలు ఉన్నాయి. అయితే సెల్లులు ఒక తరగతికి చూపేసరికి బలహీనపడతాయి, క్లిప్పులు తుప్పు పడతాయి, బల్బులలో ఒకటి వెలగకపోతే తప్పు సిద్ధాంతానిదా తీగదా అన్నది తేలేలోపు గంట కొడతారు. తెరమీద బ్యాటరీని నేరుగా తీగతో కలిపేస్తే మంటలు వస్తాయి, పిల్లలు కేరింతలు కొడతారు, ఎవరికీ ఏమీ కాదు, ఒక్క నొక్కుతో అంతా మొదటికి వస్తుంది. తప్పు చేయడానికి ఖర్చు లేకపోవడమే దీని అసలు బలమని నా అభిప్రాయం. 2005లో ఆ విశ్వవిద్యాలయపు పరిశోధకులే ఒక అధ్యయనం ప్రచురించారు: ప్రయోగశాల తరగతిలో నిజమైన పరికరాలకు బదులు ఈ సిమ్యులేషన్‌ను వాడిన విద్యార్థులు భావనలకు సంబంధించిన ప్రశ్నలలోనే కాక, తరువాత నిజమైన వలయాన్ని కట్టి వివరించడంలో కూడా మెరుగ్గా నిలిచారు. వారు అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులు, మావారు పల్లె బడిపిల్లలు; ఆ ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేము. పైగా తయారుచేసినవారే పరీక్షించారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అయినా నా తరగతిలో కనిపించినది ఆ దిశకు భిన్నంగా లేదు.

లోపం కూడా ఇక్కడే ఉంది. నీలి చుక్కలు పరుగెత్తడం చూసిన పిల్లలు, తీగలో ఎలక్ట్రాన్లు నిజంగానే అంత జోరుగా పోతాయని నమ్ముతారు. ఇలాంటి వలయంలోని రాగి తీగలో వాటి సగటు ముందడుగు సెకనుకు మిల్లీమీటరులో కొద్ది భాగమే; స్విచ్ వేయగానే బల్బు వెలగడానికి కారణం వలయమంతటా విద్యుత్ క్షేత్రం దాదాపు తక్షణమే ఏర్పడడం. ఈ మాట సిమ్యులేషన్ చెప్పదు, ఉపాధ్యాయుడే చెప్పాలి. అలాగే ఇందులోని బ్యాటరీ మొదట ఏ అంతర్గత నిరోధమూ లేని ఆదర్శ బ్యాటరీ. ఆ నిరోధం విలువను పెంచే వీలు అదనపు ఐచ్ఛికాలలో ఉంది గానీ, వెతికితే తప్ప కనిపించదు. అందువల్ల దీని తరువాత ఒక్కసారైనా నిజమైన సెల్లును, నిజమైన బల్బును చేతికి ఇవ్వకుండా పాఠాన్ని ముగించకూడదని నేను గట్టిగా చెబుతాను.

మిగిలినవాటి నాణ్యత ఒకేలా లేదు, లేదా మా తరగతికి అవి ఒకేలా పనికిరావు. రసాయన సమీకరణాలను తుల్యం చేసే ఆట అద్భుతంగా ఉంది. అణువుల బొమ్మలు, త్రాసు ఎటు మొగ్గుతున్నదో చూపే చిత్రం కలిసి, గుణకాన్ని మార్చవచ్చు గాని సూత్రంలోని అంకెను మార్చకూడదన్న సంగతిని పిల్లలే కనిపెట్టేలా చేస్తాయి. పరమాణువును ప్రోటాన్లు, న్యూట్రాన్లు, ఎలక్ట్రాన్లతో కట్టే సిమ్యులేషన్ ఎనిమిది, తొమ్మిది తరగతులకు చక్కగా సరిపోతుంది. స్కేట్‌బోర్డు మీద వాలు దిగే బాలుడి ద్వారా స్థితిజ, గతిజ శక్తులను చూపేది బాగుంది. స్కేట్‌బోర్డు అంటే ఏమిటో ముందుగా చెప్పవలసి వచ్చింది గాని, వాలును చూశాక ఆ అడ్డంకి నిలవలేదు. పీహెచ్ కొలమానం దగ్గర మాత్రం నాకు తృప్తి కలగలేదు. అందులో కాఫీ, పాలు, ఉమ్మి, వాంతి, బ్యాటరీ ఆమ్లం, కోడి సూపు ఉన్నాయి. మజ్జిగ లేదు, చింతపండు రసం లేదు, మా బోరునీళ్లు లేవు, మనకు కావలసిన ద్రవాన్ని పేరుపెట్టి చేర్చుకునే వీలూ లేదు. వాంతి పేరు వినగానే తరగతి నవ్వుల్లో మునిగి కాసేపు పాఠమే సాగలేదు. ఈ పాఠానికి పసుపు పూసి ఆరబెట్టిన కాగితం, దాని మీద పిల్లలు ఇంటినుంచి తెచ్చిన సబ్బునీళ్లు, నిమ్మరసం చుక్కలు వేయించడం ఇంతకంటే వెయ్యిపాళ్లు మేలు. చేతికి అందే వస్తువు ఉన్నచోట తెర అవసరం లేదు. కంటికి కనిపించని కారణం ఉన్నచోటే ఫెట్ విలువ తెలుస్తుంది.

అంతర్జాలం సంగతికి వస్తే, పల్లె బడులకు ఇది చేసిన మేలు పెద్దది. కొత్త రూపంలోని ప్రతి సిమ్యులేషన్‌నూ ఒకే ఫైలుగా దింపుకొని, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకొని, నెట్ లేకపోయినా మామూలు బ్రౌజర్‌లో తెరవవచ్చు. గత కొన్నేళ్లలో ఉన్నత పాఠశాలలకు అందిన ఐఎఫ్‌పీ ప్యానెళ్ల (తాకితే పనిచేసే పెద్ద తెరల) మీద వేలితో జరుపుతూ వాడడానికి ఇవి బాగా అనువైనవి. ప్యానెల్ ఒక్కటే, పిల్లలు చాలామంది. కాబట్టి జట్టుకు ఒకరిని పిలిచి, మిగిలినవారు ఏమి మార్చాలో చెబుతుంటే ఆ ఒక్కరు చేసే పద్ధతి నాకు కలిసివచ్చింది. మా మండలాల నుంచి ఏటా సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, వెళ్లే కుటుంబాలు చాలా ఉంటాయి. పత్తి తీతకో మిరప కోతకో తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లలు తిరిగి వచ్చేసరికి పాఠాలు దాటిపోయి ఉంటాయి. అటువంటి విద్యార్థికి తండ్రి ఫోనులోకి ఫైలును పంపి, ఊహించవలసిన ప్రశ్నలను ఒక కాగితం మీద రాసి ఇచ్చి చూశాను. ఫోను తెర మీద మీటలు చిన్నవైపోతాయి, ఫైలును ఏ బ్రౌజర్‌తో తెరవాలో చూపించి పంపవలసి ఉంటుంది. అయినా మొత్తం పాఠాన్ని మొదటినుంచి మళ్లీ చెప్పడం కంటే ఇది సులువైంది. ఇలాంటి పిల్లలకు ఇది బడికి ప్రత్యామ్నాయం అని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

మన దేశంలోనే అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ కలిసి రూపొందించిన ‘ఓల్యాబ్స్’ కూడా ఉచితమే. అది సీబీఎస్ఈ ప్రయోగాల వరుసను అనుసరించి సిద్ధాంతం, చేసే విధానం, మౌఖిక ప్రశ్నలు అన్నీ సమకూరుస్తుంది. ప్రయోగ పరీక్షకు సిద్ధమయ్యేవారికి అదే ఎక్కువ ఉపకరిస్తుంది. కానీ అక్కడ దారి ముందే వేసి ఉంటుంది, విద్యార్థి దాని వెంట నడుస్తాడు.

ఇక తెలుగు గురించి. ఫెట్ సిమ్యులేషన్లలో కొన్ని తెలుగులో దొరుకుతాయి. అనువాదాలు స్వచ్ఛంద సేవకుల శ్రమ కనుక కొన్నింటికి అసలు తెలుగు లేదు, కొన్నింటిలో కొన్ని మాటలు ఆంగ్లంలోనే మిగిలిపోతాయి. సిమ్యులేషన్‌లో మాటలే తక్కువ కాబట్టి ఈ లోటును పిల్లలు సులభంగా దాటుతారు. దాటలేనిది ఉపాధ్యాయులకు ఇచ్చే సామగ్రిలోని లోటు. ఉచితంగా నమోదు చేసుకుంటే ప్రతి సిమ్యులేషన్‌కు బోధన సూచనలు, ఇతర ఉపాధ్యాయులు పంచుకున్న కృత్యపత్రాలు లభిస్తాయి. అవి చాలావరకు ఆంగ్లంలో, అమెరికా పాఠ్యక్రమానికి తగినట్టు ఉంటాయి. మన పాఠ్యపుస్తకంలోని ఏ పాఠానికి ఏది వాడాలి, ముందు ఏ ప్రశ్న అడగాలి, ఎక్కడ ఆపాలి అన్నది తెలుగులో చెప్పే పత్రం నాకు ఒక్కటీ కనిపించలేదు. అనుభవం లేని ఉపాధ్యాయుడు దీన్ని తెరిస్తే అది పది నిమిషాల వినోదంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఈ ఖాళీని నింపడానికి బౌల్డర్ నుంచి ఎవరూ రానక్కరలేదు. కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్నాయి. అక్కడి పీజీ విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క పాఠానికి రెండు పేజీల తెలుగు కృత్యపత్రం రాసి, దగ్గరి బడిలో ఉపాధ్యాయుడితో కలిసి పరీక్షించి సరిదిద్దితే, దానికయ్యే ఖర్చు ఒక విజ్ఞాన దినోత్సవపు బస్సు ఖర్చును మించదు. ఈ సిమ్యులేషన్లను విద్యా అవసరాలకు స్వేచ్ఛగా పంచుకోవడానికి, ఎవరైనా అనువదించడానికి వీలుంది కాబట్టి అనుమతుల చిక్కు కూడా లేదు.

మొదటిసారి వాడదలచిన ఉపాధ్యాయులు మామూలు బ్రౌజర్‌లో తెరుచుకునే కొత్త రూపమైన హెచ్‌టీఎంఎల్5లో ఉన్నవాటినే ఎంచుకోవాలి. పాత జావా రూపంలోనే మిగిలిపోయిన సిమ్యులేషన్లు ప్యానెళ్ల మీద సరిగా నడవవు. ఎనిమిదో తరగతికి బలాలు-చలనం, తొమ్మిదికి పరమాణు నిర్మాణం, పదికి విద్యుత్ వలయం, సమీకరణాల తుల్యతతో మొదలుపెట్టవచ్చు. ఫైలును ముందురోజే తరగతి గదిలోని ప్యానెల్ మీద తెరిచి చూసుకోవాలి. స్టాఫ్ రూములోని ల్యాప్‌టాప్‌లో తెరుచుకున్నది అక్కడ తెరుచుకుంటుందన్న హామీ లేదు. కరెంటు పోయే వేళల్లో పీరియడ్ ఉన్నవారు నల్లబల్ల మీద చెప్పగలిగే అదే పాఠాన్ని కూడా సిద్ధం చేసుకోవాలి.