ఎర్ర చుక్క పడితే కోపమేనా?

మాదాపూర్‌లో మాది ఇంటర్నెట్ కనెక్షన్ల కంప్లైంట్లు చూసే కాల్ సెంటర్. కస్టమర్ గొంతు విని మూడ్ చెప్పే సాఫ్ట్‌వేర్ పెట్టి చాలా కాలమైంది. ధర, డ్యాష్‌బోర్డు సంగతులు సేల్స్ వాళ్లే చెప్తారు, నా కడుపుమంటంతా కస్టమర్‌కి కోపమొచ్చిందని స్క్రీన్ మూలన వెలిగే ఆ ఎర్ర చుక్క మీదే.

హైదరాబాద్‌లో గట్టిగా మాట్లాడటం కోపం కాదని దానికి ఎవరు చెప్పాలి? ఎల్బీనగర్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రౌటర్ లైట్ వెలగట్లేదు, అంతే. "ఏందమ్మా, పొద్దట్నుంచి ఇదే కథ, జర చూడు" అని మామూలుగానే, కాకపోతే మేడ మీంచి వీధిలో మనిషిని పిలిచినంత గట్టిగా మాట్లాడుతున్నారు. కాల్ తీసుకున్న మా టీమ్ అమ్మాయి నవ్వుతూనే రీసెట్ చేయిస్తోంది. ఇంతలో చుక్క ఎర్రబడింది, రూల్ ప్రకారం కాల్ సూపర్‌వైజర్‌కి వెళ్లిపోయింది, అతను అందుకోగానే "సార్, మీ కోపం నాకు అర్థమైంది" అని స్క్రిప్ట్ చదివాడు. "కోపమా? నేనేమన్న తిట్టిననా ఆ పిల్లని?" అప్పుడొచ్చింది అసలు కోపం. కనెక్షనే తీసేయమన్నారు. రిపోర్టులో మాత్రం మెషిన్ ముందే పసిగట్టినట్టు పడింది!

గొంతును నమ్ముకోవడం తప్పని నేననను. 2017లో మనస్తత్వ పరిశోధకుడు మైఖేల్ క్రౌస్ ప్రచురించిన ప్రయోగాల్లో, ముఖం కూడా చూసినవాళ్లకన్నా గొంతు మాత్రమే విన్నవాళ్లే ఎదుటివాళ్ల భావాల్ని బాగా పట్టుకున్నారు. అందుకే మొదట్లో దీన్ని తెగ పొగిడాను. కొత్తవాళ్లకి ఇప్పటికీ కొంత పనికొస్తుంది, ఇంగ్లిష్ కాల్స్‌లో.

కానీ అదే ఏడాది మార్క్ థార్న్‌టన్, డయానా టామిర్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఇంకోటి చూపించారు: ఒక భావం తర్వాత ఏది వస్తుందని మనుషులు వేసే అంచనా, జనానికి నిజంగా కలిగే మార్పులకి చాలా దగ్గరగా ఉంటుందట. మా సీనియర్లు చేసేది అదే. అప్పటిదాకా వాదించిన కస్టమర్ ఉన్నట్టుండి తగ్గి "సరేలే బాబూ, మీ ఇష్టం" అంటే, శాంతించాడనుకుని చుక్క ఆకుపచ్చగా మారుతుంది. మావాళ్లు మాత్రం వెంటనే టెక్నీషియన్‌ని పంపిస్తారు, ఎందుకంటే ఆ తర్వాత వచ్చేది రద్దు చేయమనే కాలే.

తీసేయమంటానా అంటే, అదీ అనలేను. నైట్ షిఫ్టులో అంతమందిని ఒక్కడినే చూసుకోవాలి, ముందు ఏ కాల్ వినాలో చూపించడానికి ఏదో ఒకటి కావాలి. మాకు తెలుగు, దక్కనీ కలిపి మాట్లాడే కస్టమర్లే ఎక్కువ, మీ దగ్గర అలా కాకపోతే మీకు నచ్చొచ్చేమో. కొనేముందు మాత్రం కాల్ దానంతటదే సూపర్‌వైజర్‌కి మళ్లే సెట్టింగ్ మీరే ఆపుకోవచ్చో లేదో అడగండి, మాకైతే ఆ అధికారం బెంగళూరు ఆఫీసులో ఉంది.