రక్తం పలచబరిచే మాత్రలు: పాతవా, కొత్తవా?

గుండె లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా డాక్టర్ ఈ మాత్ర రాయగానే ఇంట్లో మొదలయ్యే ప్రశ్న ఇదే: చవకైన పాత మందా, ఈమధ్య వచ్చిన అపిక్సాబానా?

పాతవాటిలో పేరున్నది వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా అమ్మారు, 1954లో మనుషులకు అనుమతించారు. మన దగ్గర ఎక్కువగా రాసే ఆసిట్రామ్‌దీ అదే కుటుంబం. మాత్ర చవకే, అసలు శ్రమ రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూపే ఐఎన్‌ఆర్ పరీక్షది. చాలామందికి అది 2, 3 మధ్య ఉండాలి. ఒక వారం రోజూ పాలకూర, తోటకూర తిని మరుసటి వారం ముట్టకపోతే చాలు, లెక్క తప్పుతుంది. ఆకుకూర మానక్కర్లేదు, ఎప్పుడూ ఒకే తీరుగా తినాలి. యాంటీబయాటిక్ వాడినా ఐఎన్‌ఆర్ మారొచ్చు. పల్లె నుంచి టౌన్‌కు వెళ్లి పరీక్ష చేయించుకునేవాళ్లకు ఇదే పెద్ద టెన్షన్.

అపిక్సాబాన్‌కు ఆ పరీక్ష అక్కర్లేదు. 18 వేలమందికి పైగా రోగులతో జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో వార్ఫరిన్‌ కంటే పక్షవాతం, రక్తస్రావం, మరణాలు మూడూ తగ్గాయి. రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. మరచిపోతే రక్షణ త్వరగా పోతుంది. మరో కొత్త మందు రివరాక్సాబాన్ ఒక్కపూటే, కానీ 20 మి.గ్రా. మాత్ర అన్నం తిన్నాకే వేసుకోవాలి.

ధర సంగతి వింటే కడుపు మండుతుంది. మన దేశంలో అపిక్సాబాన్ పేటెంట్ 2022లో ముగిసింది, జనరిక్‌లు వచ్చాయి. అమెరికాలో జనరిక్‌కు 2019లోనే అనుమతి వచ్చినా పేటెంట్ గొడవల వల్ల 2028 దాకా అమ్మకానికి రాదు. అక్కడ ఎలిక్విస్ (అపిక్సాబాన్ బ్రాండ్ పేరు) నెలకు 521 డాలర్లు పలికింది. వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ బేరమాడితే 2026 నుంచి దాని సభ్యులకు 231కి దిగింది. పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నలు ప్రిస్క్రిప్షన్‌తో పాటు సరిపడా మాత్రలు ఇక్కడి నుంచే పట్టుకెళ్లడం మేలు.

గుండె కవాటాల (వాల్వ్‌ల) జబ్బు లేని ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు, కిడ్నీలు బాగుంటే, నా ఓటు అపిక్సాబాన్‌కే. కానీ లోహపు వాల్వ్ వేయించుకున్నవాళ్లకు పాతదే దిక్కు. వాళ్లకు ఇంకో కొత్త మందు డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన ప్రయోగాన్ని గడ్డలు, రక్తస్రావం పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ గుండె జబ్బు మన దగ్గర ఇంకా ఎక్కువే. అది ఉన్న ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగుల్లోనూ పాత మందు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువని 2022లో తేలింది. కాబట్టి పక్కింటాయన వాడుతున్నాడని స్ట్రిప్ మార్చేయకండి. డాక్టరే మార్చినా, వార్ఫరిన్ ఆపి ఐఎన్‌ఆర్ 2 కిందకు దిగాకే అపిక్సాబాన్ మొదలుపెడతారు. ఆ పరీక్ష మాత్రం తప్పదు.