చుక్క వెంట తిరిగే మోటారు: అల్వాల్ డాబా మీద ఐదేళ్లు

ఆరంగుళాల అద్దం గల ఈ టెలిస్కోపు అద్దం వ్యాసం, నాభ్యంతరం, పెట్టెలో వచ్చే కటకాల వివరాలు కొనదలచిన వారందరికీ తెలిసినవే కనుక వాటిని మళ్లీ చెప్పను. నేను చెప్పదలచినది దాని ఈక్వటోరియల్ మౌంటుకు (భూమి అక్షానికి సమాంతరంగా ఉంచిన అక్షం చుట్టూ గొట్టాన్ని తిప్పే స్టాండు తలకు) బిగించిన, అరచేతిలో ఇమిడే చిన్న మోటారు గురించి. 2020 నవంబరులో కొన్నప్పటి నుంచి ఇప్పటి దాకా ఈ పరికరంలో నేను మనసారా ప్రేమించినది ఆ మోటారునే. అంతకుముందు నా దగ్గర మోటారు లేని చిన్న టెలిస్కోపు ఒకటి ఉండేది. అందులో ఏ గ్రహాన్నైనా 150 రెట్లు పెద్దదిగా చేసి మధ్యలో నిలిపితే, భూభ్రమణం వల్ల నలభై సెకన్లు తిరగకుండానే అది అంచు దాటిపోయేది. మా అమ్మకు అప్పటికే డెబ్బై రెండేళ్లు. ఆమె కళ్లజోడు తీసి, చీరకొంగు సర్దుకుని, వంగి, కన్ను ఆనించేసరికి అక్కడ నల్లటి ఆకాశం తప్ప ఏమీ మిగిలేది కాదు. "ఏమీ కనబడటం లేదురా" అని ఆమె నొచ్చుకోకుండా చెప్పి దిగిపోయిన సందర్భాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

మోటారు చేసే పని చెప్పడానికి చిన్నది. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టే 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలోనే అది గొట్టాన్ని ధ్రువాక్షం చుట్టూ ఎదురు దిశలో ఒక చుట్టు తిప్పుతుంది. దాంతో చుక్క చూపులోనే నిలిచిపోతుంది. 2020 డిసెంబర్ 21న గురుడూ శనీ చంద్రబింబం వెడల్పులో ఐదో వంతు ఎడంలోకి వచ్చిన సాయంత్రం, నైరుతి దిక్కున గొట్టాన్ని ఎక్కుపెట్టి మోటారు వేసి, అమ్మను ముక్కాలి పీట మీద కూర్చోబెట్టాను. ఆమె పావుగంట సేపు కన్ను తీయలేదు. శని వలయం, గురుడి ఉపగ్రహాలు ఒకే గుండ్రటి చూపులో, ఎవరూ తొందరపెట్టకుండా ఆమె ముందు నిలబడి ఉన్నాయి. ఆ పావుగంట కోసమైనా ఈ పరికరానికి పెట్టిన డబ్బు దక్కిందనే అనుకున్నాను.

ఖగోళశాస్త్రంలో మొదటి పాఠాలు నాకు పుస్తకాల కంటే ఎక్కువగా ఇలా నిలకడగా చూడటం వల్లనే అర్థమయ్యాయి. 2022 సెప్టెంబర్ 26న గురుడు 59 ఏళ్లలో ఎన్నడూ లేనంత దగ్గరికి వచ్చిన వారంలో అమ్మ వరుసగా మూడు రాత్రులు చూసి, "నిన్న నాలుగు చుక్కలు ఉన్నాయి, ఇవాళ మూడే ఉన్నాయేమిటి?" అని అడిగింది. నాలుగోది అయో. గురుడి చుట్టూ 42న్నర గంటలకు ఒకసారి తిరిగే ఆ ఉపగ్రహం అప్పుడు గురుడి బింబానికి ముందుగా వచ్చి, ఆ వెలుగులో కలిసిపోయింది. కాసేపటికి దాని నీడ మేఘపు పట్టీ మీద సూదిమొనతో పెట్టిన సిరాచుక్కలా కనిపించింది. ఆ నల్లచుక్క ఒక అంచు నుంచి మరో అంచు వైపు జరగడాన్ని గంటకు పైగా చూశాం. ఒక వస్తువు మరొక వస్తువు ముందు నుంచి దాటితే వెలుగులో ఏమి జరుగుతుందన్న విషయం ఆ రాత్రే నా మనసులో నాటుకుంది. నెల తిరగకముందే అది మరోచోట పనికివచ్చింది.

ఇతర నక్షత్రాల చుట్టూ గ్రహాలున్నాయని 1992లో పల్సార్ అనే ఒక మృత నక్షత్రం దగ్గర, 1995లో సూర్యుడి వంటి 51 పెగాసీ అనే నక్షత్రం దగ్గర తేలింది. రెండో దానిని కనుగొన్న మిషెల్ మేయర్, డిడియె కెలోలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇటువంటి పనికి అంతరిక్షంలో టెలిస్కోపు ఉండాలని నేను చాలాకాలం అనుకున్నాను. అయితే 2005లో కనుగొన్న హెచ్‌డీ 189733 బి అనే గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటినప్పుడల్లా ఆ వెలుగులో దాదాపు 2.4 శాతం తగ్గుతుందని, ఆ నక్షత్రం కంటికి కనిపించకపోయినా చిన్న టెలిస్కోపుకు సులువుగా అందుతుందని తెలిసింది. నక్షత్రం మనకు సుమారు 64 కాంతి సంవత్సరాల దూరంలో, శ్రవణా నక్షత్రానికి ఉత్తరంగా, డంబెల్ నెబ్యులా అనే వాయుమేఘం పక్కనే కనిపిస్తుంది. గ్రహం దాని చుట్టూ 53 గంటలకు ఒకసారి తిరుగుతుంది. అయో 42న్నర గంటల లెక్క తెలిసిన మా ఇంట్లో ఆ అంకె ఎవరికీ వింతగా తోచలేదు.

2022 అక్టోబర్ 25న, దీపావళి మరునాడు, హైదరాబాదులో పాక్షిక సూర్యగ్రహణం పట్టింది. గ్రహణం వీడకముందే సూర్యుడు అస్తమించాడు. ఆ మరునాటి రాత్రి ఏడున్నర ప్రాంతంలో గ్రహం నక్షత్రం ముందుకు రావలసి ఉంది. అమావాస్య వెళ్లిన మరునాడు కావడంతో వెన్నెల లేదు, టపాసుల పొగ కూడా చాలావరకు తగ్గింది. పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాను కటకం స్థానంలో బిగించి, చుక్కను కావాలనే కాస్త మసకబరచి, వెలుగు ఎక్కువ పిక్సెళ్ల మీద పరుచుకునేలా చేశాను. ఇరవై సెకన్ల చొప్పున ఫొటోలు తీసుకుంటూ పోయాం. ప్రతి ఫొటోలోనూ ఆ నక్షత్రపు వెలుగును పక్కనున్న రెండు చుక్కల వెలుగుతో పోల్చడం వల్ల పొగమంచు, పల్చటి మబ్బు వంటివి మూడింటి మీదా ఒకేలా పడి, లెక్కలో కొట్టుకుపోతాయి. ఇందులో మోటారు విలువ మరింత పెద్దది. చుక్క అదే పిక్సెళ్ల మీద నిలవకపోతే, సెన్సారు మీది దుమ్ము మచ్చ కూడా గ్రహంలాగే వెలుగును తగ్గించి చూపుతుంది.

ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఎనిమిదిన్నర దాకా అంతా సాఫీగా సాగింది. తొమ్మిది కావస్తుండగా, రెండేళ్లుగా చెవికి అలవాటైన సన్నటి గుర్రుమనే చప్పుడు మారి, లోపల ఏదో జారుతున్నట్లు టక్ టక్ మని వినిపించింది. "నాన్నా, చుక్కలన్నీ పక్కకి పోతున్నాయి" అని అమ్మాయి అరిచింది. టార్చి వేసి చూస్తే, గొట్టానికి సమతూకంగా వెనుక వేలాడే ఇనుప బరువు పడమటి వైపు దిగుతూ దిగుతూ స్టాండు కాలికి గట్టిగా ఆనుకుని ఉంది. మోటారు మాత్రం ఆగకుండా నెడుతూనే ఉండటంతో దానిలోని ప్లాస్టిక్ గేరు పళ్లు మూడు నలిగి పొడి అయ్యాయి.

దీనికి కారణం నా అజాగ్రత్త కొంత, ఈ మౌంటు పుట్టుక కొంత. ఈక్వటోరియల్ మౌంటు అక్షం ధ్రువ నక్షత్రం వైపు చూడాలి. అంటే మనం ఉన్న అక్షాంశం ఎంతో అంత కోణంలో వంగి ఉండాలి. 45 డిగ్రీల అక్షాంశంలో అక్షం సగం మేర పైకి లేచి ఉంటుంది కనుక బరువు కిందికి వచ్చినా కాళ్లకు దూరంగానే ఊగుతుంది. హైదరాబాదు 17.4 డిగ్రీల దగ్గర ఉంది. ఇక్కడ అక్షం దాదాపు పడుకున్నట్లే ఉంటుంది, బరువు నేరుగా కాళ్ల మీదికి దిగుతుంది. దానికి తోడు డాబా మీది నీళ్ల పైపు అడ్డు వస్తోందని ఒక కాలిని నేను వాయవ్యానికి పెట్టాను. సరిగ్గా ఆ కాలికే బరువు తగిలింది.

అప్పటికి గ్రహం ఇంకా నక్షత్రం ముందే ఉంది, బయటికి రావడానికి ఇరవై నిమిషాల పైన సమయం ఉంది. బరువును కడ్డీ మీద నాలుగు వేళ్ల మేర పైకి జరిపి కాలిని తప్పించాను. మోటారు క్లచ్ విప్పేసి, చేతితో తిప్పే మరను పట్టుకున్నాను. ఫొటో సమయాన్ని పది సెకన్లకు తగ్గించాం. అమ్మాయి తెరమీద చుక్కను చూస్తూ "కొంచెం... ఇంకొంచెం... చాలు" అంటూ ఉంటే, నేను ఫొటోకూ ఫొటోకూ మధ్య మరను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ పది దాటే వరకు కూర్చున్నాను. మెడ పట్టేసింది. మరునాడు ఫొటోలన్నీ కొలిచి గీత గీస్తే, ఏడున్నర దగ్గర వెలుగు తగ్గడంతో మొదలైన పల్లం స్పష్టంగా ఉంది. తొమ్మిది తరువాత చుక్కలు చెదిరిపోయి ఉన్నా, తొమ్మిదిన్నరకు ముందు వెలుగు మళ్లీ పైకి లేవడం కూడా కనిపించింది. మాకు వచ్చిన లోతు రెండుకూ మూడుకూ మధ్య శాతం. తగ్గే వెలుగు గ్రహం కప్పే వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కనుక, 2.4 శాతానికి వర్గమూలం తీస్తే గ్రహపు వ్యాసం నక్షత్రపు వ్యాసంలో ఆరో వంతు కంటే కాస్త తక్కువ అని వస్తుంది. అది మన గురుడి కంటే కొద్దిగా పెద్ద గ్రహం. ఈ లెక్క మా అమ్మాయే నోటుపుస్తకంలో వేసింది, ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

కనుక మొదట్లో మోటారును నేను మెచ్చుకున్నంతా నిజమే అయినా, నా ఐదేళ్లలో అన్నిటికంటే విలువైన కొలతలో చివరి భాగం మోటారు లేకుండానే పూర్తయిందని కూడా చెప్పవలసి ఉంది.

మరమ్మతు కథ వేరు. అమ్మినవారికి మూడు వారాలు ఉత్తరాలు రాస్తే, గేరు విడిగా దొరకదని, మోటారు మొత్తం కొనాలని సమాధానం వచ్చింది. చివరికి బాలానగర్‌లో గేర్లు కోసే ఒక చిన్న వర్క్‌షాపుకు పట్టుకెళ్లాను. అక్కడి పెద్దాయన గేరును వేళ్ల మధ్య తిప్పుతూ, మార్కరుతో ఒక పన్నుకు గుర్తు పెట్టుకుని లెక్కపెట్టి, "ఇది ఏ మిషిన్ది సార్?" అని అడిగారు. చెప్పాను. "ప్లాస్టిక్ పండ్లకు గంత బరువు పెడ్తే ఆగుతయా సార్? ఇత్తడిది చేసిస్త. గానీ ఒకటి, మళ్ల ఎక్కడన్న తట్టితే ఈసారి పండ్లు ఇరగవు, మోటరే కాల్తది" అన్నారు. ఆయన మాట విని పైపును గోడ వారగా మార్పించాను, వాయవ్యాన్ని ఖాళీగా ఉంచాను. మూడేళ్లుగా మళ్లీ తగల్లేదు. అయితే ఇత్తడి గేరుతో ప్రతి కొన్ని నిమిషాలకు చుక్క సన్నగా ఊగుతుంది. కంటితో చూసేవారికి అది తెలియదు, కొలతలకు మాత్రం ఇబ్బందే.

ధ్రువ నక్షత్రం సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ అది ఆకాశంలో 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. 2021లో మా ఉత్తరాన లేచిన అయిదంతస్తుల అపార్ట్‌మెంటు దాన్ని పూర్తిగా మూసేసింది. అందుకని ఆ ఏడు డిసెంబర్ 25న మధ్యాహ్నం 12 గంటల 16 నిమిషాలకు, అంటే ఇక్కడ సూర్యుడు సరిగ్గా దక్షిణాన ఉండే వేళకు, డాబా మీద తూకపు గుండు వేలాడదీసి దాని తాడు నీడ వెంట తెల్ల పెయింటుతో గీత గీశాను. ఉత్తరం కోసం ఇప్పటికీ ఆ గీత మీదే ఆధారపడుతున్నాను. మే 9న, ఆగస్టు 3న సూర్యుడు నడినెత్తికి వచ్చి హైదరాబాదులో నీడ మాయమవుతుంది కనుక ఈ పనికి చలికాలమే నయం.

అద్దం మీద ఐదు వర్షాకాలాల మచ్చలు వచ్చాయి, చూపులో పెద్ద తేడా లేదు. 2025 నవంబరులో శని వలయం దాదాపు అంచుకు తిరిగి సన్నటి గీతగా మారినప్పుడు కూడా ఆ గీతను ఇందులోనే చూశాం. అమ్మ పీట మీద కూర్చుని, "అప్పట్లో చెవులున్నట్టు ఉండేవాడు కదరా" అంది.

ఇది అందరూ కొనదగినదేనా అంటే నేను నిక్కచ్చిగా చెప్పలేను. నాకు సొంత డాబా ఉంది, బరువైన స్టాండును రెండు విడతలుగా మెట్లెక్కించడానికి ఇంట్లో మరో మనిషి ఉన్నారు. అపార్ట్‌మెంటు బాల్కనీ నుంచి చంద్రుణ్ణి, గురుణ్ణి అప్పుడప్పుడు చూడాలనుకునే వారికి ఈ మోటారు, ఈ బరువులు, ఈ ఉత్తరపు గీత అనవసరపు శ్రమ కావచ్చు. పెద్దవాళ్లకు స్థిమితంగా చూపించాలన్నా, గంటల తరబడి వెలుగును కొలవాలన్నా మాత్రం మోటారు లేనిదాన్ని నేను మళ్లీ కొనను. 1999లో మొట్టమొదట ఇలా దాటుతూ పట్టుబడిన గ్రహపు నక్షత్రం హెచ్‌డీ 209458ను నేను రెండుసార్లు ప్రయత్నించాను. అక్కడ తగ్గే వెలుగు ఒకటిన్నర శాతమే. ఒకసారి మబ్బు పట్టింది, రెండోసారి గేరు ఊగడంలో పల్లం కలిసిపోయింది. వచ్చే అక్టోబరులో మళ్లీ చూస్తాను. కొనాలని నిశ్చయించుకున్న వారు మాత్రం దుకాణంలోనే అక్షాన్ని 17 డిగ్రీలకు దించమని, బరువు బిగించి కడ్డీని ఒక చుట్టు పూర్తిగా తిప్పి చూపించమని అడగండి. కాలికి తగులుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.