హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆసుపత్రి, నొప్పి నివారణ సేవ: 11 రోజుల అనుభవం

రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకూ తుంటి ఎముకకూ పాకి, నొప్పితో పక్క మీద ఒత్తిగిలడం కూడా కష్టమైన స్థితిలో, 68 ఏళ్ల మా అమ్మను ఈ ఆసుపత్రిలో 11 రోజులు ఉంచాము. మెచ్చుకోవలసిన విభాగమూ తప్పుపట్టవలసిన వార్డూ ఒకే కప్పు కింద ఉన్నందున ఆసుపత్రి పేరు రాయడం లేదు. క్యాన్సర్ చికిత్స జోలికి పోకుండా, నొప్పి తగ్గించడంలో వారి పనితీరు గురించి మాత్రమే చెబుతాను.

మొదటి మూడు రోజులు నిరాశ కలిగించాయి. కేస్‌షీట్‌లో పారాసిటమాల్, ట్రమడాల్ ‘అవసరమైతే’ ఇవ్వాలని రాసి ఉంది. ఆ ఒక్క మాట పుణ్యమా అని అమ్మ మూలిగేదాకా ఎవరూ రారు. మూలిగాక నేను వెళ్లి సిస్టర్‌ను పిలవాలి, ఆమె డ్యూటీ డాక్టర్‌ను అడగాలి, ఇంజెక్షన్ పడేసరికి ముప్పావు గంట గడిచేది. అమ్మ తరం వారికి నొప్పిని ఓర్చుకోవడమే మర్యాద. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు “ఎలా ఉందమ్మా?” అంటే “ఫరవాలేదు బాబూ” అనేది, ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయేవారు.

నాలుగో రోజు, మేము పట్టుబట్టిన మీదట, నొప్పిని, ఇతర బాధలను తగ్గించే పాలియేటివ్ కేర్ విభాగం డాక్టరు వచ్చారు. (అది చివరి రోజుల వారికే అనుకుని నేనూ భయపడ్డాను. చికిత్స సాగుతున్న వారికీ ఆ సేవ ఉంటుంది.) ఆమె అరగంట కూర్చుని, నొప్పి పోటుగా ఉందా, సలుపుతోందా, మంటగా ఉందా, కరెంటు కొట్టినట్టు కాలిలోకి దిగుతోందా అని విడివిడిగా అడిగారు. నరం నొక్కుకుపోవడం వల్ల వచ్చే మంటకు మార్ఫిన్ (నల్లమందు నుంచి తీసే బలమైన నొప్పి మందు) ఒక్కటే చాలకపోవచ్చని చెప్పి గాబాపెంటిన్ కూడా రాశారు. సున్నా నుంచి పది లోపల ఒక అంకె చెప్పమంటే అమ్మ తెల్లబోయింది. వెంట వచ్చిన సిస్టర్ “రూపాయిలో ఎన్నణాల నొప్పమ్మా?” అనగానే తడుముకోకుండా “పన్నెండణాలు” అన్నది. అప్పటినుంచి బీపీ, జ్వరం రాసే కాగితం మీదనే నొప్పి కూడా రాశారు. నా దృష్టిలో ఆ ఆసుపత్రిలో జరిగిన అతి మంచి పని ఇదే.

మార్ఫిన్ అలవాటైపోతుందేమోనని మా అన్నయ్య అడ్డుపడ్డాడు. క్యాన్సర్ నొప్పికి పర్యవేక్షణలో ఇచ్చినప్పుడు వ్యసనంగా మారడం అరుదని డాక్టరు ఓపికగా వివరించారు. 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అమ్మ అడిగినా అడగకపోయినా నాలుగు గంటలకొకసారి గడియారం చూసి ఇచ్చారు. నిద్ర చెడకుండా పడుకునే ముందు రెట్టింపు, మధ్యలో నొప్పి పొడుచుకొస్తే అదనంగా ఒక మాత్ర. మార్ఫిన్ తెచ్చే మలబద్ధకం దానంతట అది తగ్గేది కాదు కనుక విరేచనం మందు తొలిరోజే మొదలైంది. రెండు రోజులు వికారం, మగత ఉండి సర్దుకున్నాయి. మోతాదు 10కి పెంచాక ఏడో రోజున అమ్మ “నాలుగణాలు” అన్నది. తుంటికి ఒకే విడత రేడియేషన్ ఇచ్చి, దాని ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పట్టవచ్చని ముందే చెప్పారు.

రాత్రిళ్లు మాత్రం ఈ సేవ కుంటుపడింది. మార్ఫిన్ లెక్క రిజిస్టరులో రాయడం చట్టరీత్యా తప్పదు, అది సబబే. కానీ ఆ మందు ఉంచే బీరువా తాళం మరో అంతస్తులో ఉండటం చట్టం చెప్పినది కాదు. అదనపు మాత్ర కోసం రెండు రాత్రులు గంటకు పైగా ఎదురుచూశాము.

ఖర్చు విషయానికి వస్తే, గది అద్దె, స్కానింగ్‌ల ముందు మార్ఫిన్ మాత్రల ధర లెక్కలోకే రాదు. దొరకడమే కష్టం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించాక, గుర్తింపు పొందిన ఆసుపత్రులు దీనిని నిల్వ ఉంచుకోవడం సులువైనా, ఖమ్మంలో మేము తిరిగిన ఏ మందుల దుకాణంలోనూ లేదు. పది రోజులకొకసారి అన్నయ్య హైదరాబాద్ వెళ్లి తెస్తున్నాడు. స్తోమత లేనివారు నగరంలోని ప్రభుత్వ ఎమ్మెన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో ఉన్న పాలియేటివ్ కేర్ విభాగంలో విచారించవచ్చు.

డిశ్చార్జి కాగితం పూర్తిగా ఇంగ్లీషులో ఉన్నందున, మందుల వేళలు తెలుగులో రాసి బీరువా తలుపుకు అంటించుకున్నాము. ఇంటికి వచ్చిన మూడో రాత్రి పదకొండు గంటలకు, వారిచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే అదే సిస్టర్ ఎత్తి, ముందుగా అడిగిన మాట: “ఎన్నణాలంటున్నారు అమ్మ?”