రాణి ఈగకు నీలం చుక్క: పెన్ను బాగుంది, స్పాంజి బాగాలేదు

మా కొబ్బరితోటలో ఎనిమిది మెల్లిఫెరా జాతి తేనెటీగల పెట్టెలున్నాయి. ఇన్నాళ్లూ రాణిని వెతకడమంటే తేనెపట్టు ఉండే పది ఫ్రేములూ తిప్పితిప్పి, కళ్లు లాగేసి, చివరికి గదుల్లో నిటారుగా నిలబడ్డ గుడ్లు కనబడగానే "ఉందిలే" అని మూత పెట్టేయడమే. గుడ్డు నిలబడి ఉందంటే పెట్టి ఒక రోజే అయినట్టు, మామూలు రోజుల్లో అది చాలు. ఒక పెట్టెను రెండు చేసేటప్పుడు మాత్రం రాణి ఏ సగంలో ఉందో తెలియక టెన్షన్.

అందుకే రాణి వీపు మీద రంగు చుక్క పెట్టే ఈ మార్కింగ్ సెట్ ఆన్‌లైన్‌లో తెప్పించా, 480 రూపాయలు. జాలీ మూత ఉన్న ప్లాస్టిక్ గొట్టం, కింద నుంచి తోసే స్పాంజి కడ్డీ, ఒక పెయింట్ పెన్ను. నీలం అడిగితే ఎరుపు పంపారు. ఏ రంగైతే ఏంటి అనుకోకండి. రాణి పుట్టిన ఏడాది చివరి అంకె 1, 6 అయితే తెలుపు, 2, 7కి పసుపు, 3, 8కి ఎరుపు, 4, 9కి ఆకుపచ్చ, 5, 0కి నీలం. నా రాణులు 2025లో పుట్టినవి. ఎరుపు పెడితే రేపు పెట్టె కొనేవాడు 2023 నాటి ముసలి రాణిని అంటగట్టానంటాడు. మార్చి పంపడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ముందు పోతుటీగల మీద చెయ్యి సాధన చేశా, వాటికి కొండి ఉండదు కాబట్టి. మొదటిదానికి పేరంటాలి బొట్టంత పడి రెక్కలు కూడా తడిశాయి. పెన్ను బాగా ఊపి, ముందు కాగితం మీద ఒకసారి నొక్కాలని అప్పుడు తెలిసింది. నాలుగోదానికి ఆవగింజంత చుక్క కుదిరింది.

రాణిని గొట్టంలోకి ఎక్కించి, స్పాంజితో నెమ్మదిగా జాలీకి ఆనించి, రెండు రెక్కల మొదళ్ల మధ్య నున్నటి వీపు మీద ఒక్క చుక్క. మొదటి రాణిని ఆరకముందే వదిలేశా. కూలీ ఈగలు చుట్టూ చేరి నాకి నాకి సగం చుక్క ఊడగొట్టాయి. తర్వాతవాటిని రెండేసి నిమిషాలు ఆపా, ఇప్పటికీ రంగు చెక్కుచెదరలేదు. కాకపోతే కొబ్బరి నీడలో నీలం నల్లగా కనిపిస్తుంది, ఫ్రేమును ఎండకు తిప్పాలి.

స్పాంజి మూడో రాణికే కడ్డీ నుంచి ఊడింది. మా ఆవిడ పౌడరు స్పాంజి ముక్క కోసి అంటించా. అదే మెత్తగా ఉంది.

పోయిన వారం నాలుగో పెట్టెలో చుక్క లేని రాణి కనబడింది. రంగు పోయిందేమో అనుకున్నా. తేనెపట్టు మధ్యలో కొత్త రాణి పెరిగే వేరుశనక్కాయలాంటి గది, కొన దగ్గర గుండ్రంగా తెరుచుకుని ఉంది. పాతదాన్ని దించేసి ఈ ఏడాది కొత్తదాన్ని పెంచుకున్నాయన్నమాట. 2026కి తెలుపు కావాలి, ఈసారి వేరే దుకాణంలో ఆర్డర్ పెట్టా.