గూగుల్ షీట్స్ వెర్షన్ హిస్టరీ: కొన్నేళ్ల వాడకం తర్వాత

గూగుల్ షీట్స్‌లో నీకు బాగా నచ్చింది ఏమిటని ఎవరైనా అడిగితే ఫార్ములాలూ అనను, చార్టులూ అనను. వెర్షన్ హిస్టరీ అంటాను, అంటే ఫైల్లో జరిగిన మార్పులను నమోదు చేసి చూపించే సదుపాయం. ఒకే ఫైల్లో పదిమంది ఒకేసారి పనిచేసుకోవచ్చని అందరూ రాస్తారు. నిజమే. కానీ పది చేతులు పడే ఫైలు చుట్టూ గొడవలు రాకుండా ఉండాలంటే, ఏ అంకె ఎప్పుడు ఎవరి చేతిలో మారిందో కనబడాలి. అది కనబడటం మొదలయ్యాక మా విభాగంలో మనుషుల తీరే మారింది.

మాది సరుకు కొనుగోళ్లు, సప్లయర్ల బిల్లులు చూసే చిన్న విభాగం. ఇదివరకు బిల్లుల ఫైలు మెయిల్లో తిరిగేది. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘కొత్త ఫైనల్’ అని పేర్లు పెరిగేవి. అసలుది ఎవరి కంప్యూటర్లో ఉంటే వాళ్లదే పెత్తనం. వాళ్లు సెలవు పెడితే చెల్లింపులు ఆగేవి. అంకెల్లో తేడా వస్తే ముందు నింద వేసి, తర్వాత లెక్క చూసేవాళ్లం. ఆ నింద ఎప్పుడూ కొత్తవాళ్ల నెత్తినే పడేది.

ఒకరోజు ఓ సప్లయర్ ఫోన్ చేసి, గడువు దాటినా డబ్బు రాలేదన్నారు. షీట్లో చూస్తే గడువుకు ఇంకా నెల ఉంది. కాగితం బిల్లు తీసి చూస్తే ఎప్పుడో దాటిపోయింది. అనుమానం వచ్చి ఇంకొన్ని బిల్లులు తీశాం. వాటి తేదీలూ తప్పే. ఒకరికైతే ముందుగానే కట్టేశాం కూడా. ఫైలు పైన చివరి మార్పు దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి పేరు కనబడుతోంది. ఇంకేముంది, అందరి చూపూ ఆ పిల్ల మీదే. “ఇవాళ వచ్చిన బిల్లులు కింద ఎక్కించానండీ, అంతే. పాత తేదీలు ముట్టుకోలేదు” అంటోంది, గొంతు వణుకుతోంది.

వెర్షన్ హిస్టరీ తెరిచాం. కుడిపక్కన తేదీల వరుస వస్తుంది. తేదీ పక్కనున్న చిన్న బాణం నొక్కితే ఆ రోజు జరిగిన మార్పులు సమయంతో సహా విచ్చుకుంటాయి. ఒక్కో మనిషికి ఒక్కో రంగు, వాళ్లు మార్చిన గళ్లన్నీ ఆ రంగులో కనబడతాయి. ఆ అమ్మాయి రంగు అడుగున కొత్త వరుసల్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంకా వెనక్కి వెళ్లాం. ఒకచోట గడువు తేదీల కాలమ్ పైనుంచి కిందిదాకా ఒకే రంగులోకి వచ్చింది. దాని పక్కన బిల్లు నంబరు, సప్లయర్ పేరు, మొత్తం, వీటిలో ఒక్క గడి కూడా రంగు మారలేదు. చూడగానే అర్థమైపోయింది. తేదీల కాలమ్ ఒక్కదాన్నే సెలెక్ట్ చేసి సార్ట్ కొట్టారు. తేదీలు వరుసలోకి వచ్చాయి, బిల్లులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఆ రంగు మా అందరికంటే సీనియర్‌ది. ఆయన దాచలేదు. “ముందు ఎవరికి కట్టాలో చూద్దామని నేనే చేశాను. ఏమ్మా, నిన్ను ఊరికే అన్నాం, ఏమీ అనుకోకు” అన్నారు. పాత పద్ధతిలో అయితే ఆ మాట ఆ అమ్మాయికి దక్కేది కాదు. ఈ ఒక్క కారణానికే నాకు ఈ ఫీచర్ మీద ఇంత అభిమానం.

సరిచేయడం మాత్రం అంత తేలిక కాదు. రీస్టోర్ నొక్కితే ఒక్క కాలమ్ కాదు, ఒక్క ట్యాబ్ కాదు, ఫైలు మొత్తం ఆ సమయానికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత మిగతావాళ్లు ఎక్కించినవి మళ్లీ వెతుక్కోవాలి. అందుకని సార్ట్‌కు ముందున్న వెర్షన్‌ను విడిగా కాపీ చేసి, ఆ ట్యాబ్‌ను మా ఫైల్లోకి తెచ్చుకుని, బిల్లు నంబరును బట్టి వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములా పెట్టి సరైన తేదీలు లాగాం. ఆ రోజు నుంచి, తన కోసం వరుస మార్చి చూసుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా ఫిల్టర్ వ్యూలోనే చూసుకోవాలని నియమం పెట్టుకున్నాం. అందులో వరుస ఎలా మార్చినా అసలు షీటు మారదు.

రంగు చూస్తే మనిషి తెలిసిపోతాడన్నట్టు రాశాను కదా, ప్రతిసారీ అలా ఉండదు. రాత్రిపూట తనంతట తాను నడిచేలా యాప్స్ స్క్రిప్ట్ (షీట్లో పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్) పెడితే, అది మార్చిన గళ్లు దాన్ని ఆ వేళకు నడిపించే ట్రిగర్ పెట్టినవాళ్ల పేరు మీదే పడతాయి. మనిషి నిద్రపోతున్నా హిస్టరీలో పనిచేసినట్టే ఉంటుంది. లింక్ ఉన్నవాళ్లెవరైనా మార్చవచ్చని పెట్టిన ఫైల్లో, లాగిన్ కాకుండా వచ్చినవాళ్ల పేరే ఉండదు. ఒక్కో గడి మీద రైట్ క్లిక్ చేసి చూసే ఎడిట్ హిస్టరీ కూడా అన్నీ చెప్పదు. వరుసలు, కాలమ్‌లు చేర్చినా తీసేసినా అందులో కనబడకపోవచ్చు. ఫార్ములా వల్ల విలువ మారినా అంతే. ఇప్పుడు ఏఐకి చెప్పి పట్టికలు మార్పించుకునే సదుపాయాలు వస్తున్నాయి. వాటిలో నాకు ముందు కావలసింది ఒకటే: యంత్రం మార్చిన గడి మనిషి మార్చిన గడి కంటే వేరుగా కనబడాలి.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది మరొకటి. తేదీల సంగతి తేలాక మా పైవాళ్లకు ఈ ఫీచర్ మీద మోజు పెరిగింది. తప్పు వెతకడానికి కాదు, ఎవరు ఎన్నింటికి పని మొదలుపెట్టారో, ఎవరు తక్కువ గళ్లు నింపారో చూడటానికి. మీటింగ్‌లో స్క్రీన్ మీద పెట్టి మరీ అడిగేవారు. జనం ఊరుకుంటారా? పనంతా తమ సొంత షీట్లలో చేసుకుని, సాయంత్రం ఒక్కసారిగా తెచ్చి పేస్ట్ చేయడం మొదలుపెట్టారు. అప్పుడు హిస్టరీలో ఏముంటుంది? పెద్ద రంగు ముద్ద. లోపల తప్పెక్కడ దొర్లిందో చెప్పే ఆధారమంతా ఎవరి సొంత ఫైల్లో వాళ్ల దగ్గరే ఉండిపోయింది. మళ్లీ మెయిల్ రోజుల్లోకి వెళ్లినట్టయింది. గట్టిగా మాట్లాడి, గంటలు చూడటానికి హిస్టరీ తెరవకూడదని ఒప్పించాక గానీ జనం తిరిగి నేరుగా షీట్లో రాయలేదు.

ఇంకో రెండు సంగతులు. నెలాఖరు లెక్క మూశాక ఆ వెర్షన్‌కు పేరు పెట్టుకుంటే తర్వాత వెతుక్కోవడం సులువు. కానీ ఒక స్ప్రెడ్‌షీట్లో పేరు పెట్టగలిగేది 15 వెర్షన్లకే, కాబట్టి వారంవారం పెడితే చాలవు. ఫైలును కాపీ చేస్తే పాత చరిత్ర కాపీలోకి రాదు, అసలు ఫైల్లోనే ఉంటుంది. ఏటా కొత్త ఫైలు మొదలుపెట్టేవాళ్లు పాతదాన్ని పారేయకుండా ఉంచుకోవాలి.

మాలాగా చిన్న విభాగం, వేలల్లో వరుసలు, ఒక్కొక్కరికి ఒక్కో లాగిన్ ఉన్నచోట నేను కళ్లు మూసుకుని దీన్ని వాడమంటాను. ఒక స్ప్రెడ్‌షీట్‌కు ఉన్న 1 కోటి గళ్ల హద్దు దగ్గరికి వెళ్లేంత లెక్కలున్నవాళ్లకు, ఆడిటర్ ముందు పెట్టేంత పకడ్బందీ రికార్డు కావలసినవాళ్లకు ఇది చాలకపోవచ్చు. వాళ్ల అవసరం వేరు. ఇక ఒకే లాగిన్‌ను నలుగురు పంచుకునే ఆఫీసైతే, ముందు తలా ఒక లాగిన్ ఇప్పించండి. లేకపోతే నలుగురి పనీ ఒకే రంగులో కనబడుతుంది.